బస్సు కోసం అద్దెకు తెచ్చిన జనం

ఏరా అల్లుడూ, ఆ నవ్వేంటి? బస్సులో నిలబడి కునుకు తీసి, దిగాల్సిన స్టాపు దాటాక ఉలిక్కిపడే రకానివి నువ్వు. నగరాలు ఎలా బాగుపడతాయో నీకేం తెలుసు? విను.

మా బావమరిది టైలరు. వాడి కొట్టున్న వీధిలో బస్సు ఆగదు. కొలతలివ్వడానికి అంత దూరం నడిచి వచ్చేదెవరు? మిషను తుప్పు పడుతోంది. ఇక కొట్టు మూసేసి ఎవరి దగ్గరైనా గుండీలు కుట్టుకుంటానని వాడు తయారయ్యాడు. అంతలో కబురొచ్చింది. రవాణా ఆఫీసువాళ్లు సర్వేకి వస్తున్నారట, జనం ఎక్కువగా ఉన్నచోట కొత్త సదుపాయం ఇస్తారట.

"మన వీధిలో కుక్క కూడా నిలబడదు కదా బావా!" అన్నాడు ఏడుపు మొహంతో.

"జనానికేం కరువురా? నేను లేనూ!"

మర్నాడు మా గోదాము హమాలీలందర్నీ పని మాన్పించి కొట్టు ముందు నిలబెట్టాను. మా ఆవిడనీ, వాళ్ల అక్కచెల్లెళ్లనీ దింపాను. "ఊరికే నిలబడకండి, కాస్త చిరాకుపడండి" అన్నాను. మా ఆవిడకి అది నేర్పక్కర్లేదు. జన్మలో ఆఫీసు మొహం చూడని మనిషి, "అయ్యో, ఇవాళ కూడా ఆలస్యమే! మేనేజరు చంపేస్తాడు!" అని అరిచింది.

సర్వేకొచ్చిన ఆఫీసరు కారు అద్దం కాస్త దించాడు. దిగలేదు. "చూశారా, నగరం ఉత్పాదకత ఎలా నడిరోడ్డున నిలబడిపోయిందో! వీళ్లంతా ఈపాటికి పనిలో ఉండాల్సినవాళ్లు!" అన్నాడు పక్కవాడితో. అబద్ధమేం కాదు. అవతల గోదాములో లారీ సరుకుతో అలాగే ఉంది మరి. ఫొటోలు తీసుకుని వెళ్లిపోయారు.

కొన్నాళ్లకి కొట్టు ముందు గుంతలు తవ్వారు. "బావా, బస్సు షెల్టరు!" అని గంతులేశాడు మావాడు. షెల్టరు స్తంభానికి అంత లావెందుకని నాకు అనుమానమొచ్చింది. అది పెరిగి పెరిగి మేడలు దాటింది. ఫ్లైఓవరు! ఇప్పుడు బస్సులన్నీ వాడి నెత్తి మీదుగా రయ్యిమని పోతున్నాయి. కొట్లో పగలే లైటు వేసుకోవాలి.

ఊగిపోతూ ఆఫీసుకెళ్లాను. "ఏమండీ, మాకు కావల్సింది స్టాపు కదా!"

ఆఫీసరు లేచి నా చేతులు పట్టుకున్నాడు. "ఫ్లైఓవరు ఎప్పుడో ఖాయమైందండీ. ఖాళీ వీధికి ఎందుకని పైవాళ్లు ఒకటే గోల. ఫొటోకి జనం దొరక్క మేం జుట్టు పీక్కుంటుంటే దేవుడిలా మీరే పట్టుకొచ్చారు. ఆ పక్క వీధిలో ఇంకోటి కట్టాలి, మీవాళ్లు రేపు ఖాళీయేనా?"