ఎడమ పక్క అద్దం

రోజూ పొద్దున ఎనిమిదింటికి ఆమె మూడు మాటలు మొదలుపెడుతుంది. ఖాళీ. ఆగండి. పోనివ్వండి. కారు గేటు దాటినప్పటి నుంచి ఆమె పనిచేసే కుట్టు ఫ్యాక్టరీ దాకా ఆ మూడే అటూ ఇటూ మారుతుంటాయి. మధ్యలో వేరే మాట ఎత్తితే భర్తకు చిరాకు. "ముందు అటు చూడు," అంటాడు. అటు అంటే ఎడమ పక్క.

ఆ కారుకు ఎడమ పక్క అద్దం లేదు. రెండేళ్ళ కిందట కారు వెనక్కి తీస్తూ అతనే గేటు స్తంభానికి రాశాడు. అద్దం ఊడి కిందపడింది. అప్పుడామె వంటింట్లో క్యారేజీలు సర్దుతోంది. చప్పుడు విని బయటికొస్తే అతనన్న మొదటి మాట, "నువ్వు ఇక్కడ నిలబడి చెప్పాలి కదా!" ఆమె చేతిలో గరిటె ఉంది. గరిటె లోపల పెట్టి వచ్చి గాజు పెంకులు ఏరింది. పాప చెప్పుల్లేకుండా తిరుగుతుందని రెండోసారి తడిగుడ్డతో తుడిచింది. మెకానిక్ చూసి, ఇది బాగయ్యేది కాదు, కొత్తది బిగించాలి, పది నిమిషాల పని, ఎప్పుడైనా తీసుకురండి అన్నాడు. చూద్దాంలే అన్నాడు భర్త.

ఆ చూడటం ఆమె మీద పడింది. ఒకరోజు ఆడపడుచూ మొగుడూ వస్తే అందరూ కలిసి కార్లో వెళ్ళారు. "అద్దం ఏది బావా?" అని అడిగాడు ఆడపడుచు మొగుడు. "మీ చెల్లెలుందిగా, ఇంక అద్దం దేనికి?" అన్నాడు భర్త. కారంతా నవ్వింది. "వదినది గద్ద చూపు," అంది ఆడపడుచు. "వాడికి దాని మీద అంత నమ్మకం," అంది అత్తగారు. ఆమె కూడా నవ్వింది. అది పొగడ్తే అనుకున్న వాళ్ళలో ఆ రోజు ఆమె కూడా ఉంది.

చెప్పుకుంటే అది పెద్ద పనేమీ కాదు. కిటికీ దించాలి. ఎండైనా వానైనా దించాలి. తల బయటికి పెట్టి వెనక ఎవరొస్తున్నారో చూడాలి, వాళ్ళ వేగం అంచనా కట్టాలి, భర్త తిరగబోయే లోపల చెప్పాలి. అతను సిగ్నల్ లైటు వెయ్యడు. మనం ఎటు పోయేదీ ఊరికంతా చెప్పాలా అంటాడు. అందుకని వెనకవాళ్ళకు చెయ్యి చూపించడం కూడా ఆమె పనే. సీటు బెల్టు పెట్టుకుంటే అంత వంగడం కుదరదు, దాన్ని చంక కింద దోపుకుంటుంది. వాన పడితే ఎడమ భుజం తడిసి ఫ్యాక్టరీకి వెళుతుంది. ఏడాదిగా మెడ ఒక పక్కకే నొప్పి. డాక్టరు చూసి, ఒకే భుజానికి బరువు మోస్తారా అని అడిగాడు. లేదంది. దిండు లేకుండా పడుకోమన్నాడు. దిండు తీసేసింది. నొప్పి అలాగే ఉంది. బ్రేకు వేస్తే కీచుమంటోందని మొదట చెప్పింది ఆమె. ముందు టైరులో గాలి తగ్గిందని చెప్పింది ఆమె. బాగుచేయించాక, బండిని కన్నబిడ్డలా చూసుకుంటాడమ్మా మా వాడు అని ఇరుగుపొరుగుకు చెప్పింది అత్తగారు.

ఫ్యాక్టరీలోనూ ఆమెది చూసే పనే. కుట్టి వచ్చిన చొక్కాలను బల్ల మీద పరిచి, ఎక్కడ కుట్టు జారిందో, ఎక్కడ గుండీ వదులైందో చూసి పక్కన పెడుతుంది. వెయ్యి సరిగ్గా చూస్తే ఎవరూ ఏమీ అనరు. ఒకటి తప్పిపోయి తిరిగొస్తే, కుట్టినవాణ్ణి వదిలేసి సూపర్‌వైజరు ఆమె బల్ల దగ్గరికి వస్తాడు. "కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావా?" అంటాడు. ఇంట్లో కాదు, కార్లో అని ఒకసారి నోటిదాకా వచ్చింది. ఆపుకుంది.

మొన్నామధ్య ఆమెకు జ్వరం వచ్చి మూడు రోజులు పడుకుంది. ఆ మూడు రోజులూ భర్త పాపను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని స్కూలుకు తీసుకెళ్ళాడు. పాపకు తొమ్మిదేళ్ళు. మూడో రోజు సాయంత్రం వస్తూనే మంచం దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, ఖాళీ, ఆగండి అన్నీ నేనే చెప్పాను. నీకన్నా నేనే బాగా చెప్పానంట. నాన్న అన్నాడు!" పాప మొహం వెలిగిపోతోంది. ఆమెకు ఒళ్ళు చల్లబడింది. జ్వరం దిగుతోందేమో అనుకుంది. మర్నాడు ఇంకా నూరు డిగ్రీలు ఉండగానే లేచి స్నానం చేసి ముందు సీట్లో కూర్చుంది.

శనివారం పొద్దున అత్తగారిని బీపీ చూపించడానికి తీసుకెళుతున్నారు. అత్తగారు వెనక, ఆమె ముందు. "అమ్మాయ్, గొంతెండిపోతోంది, ఆ నీళ్ళ సీసా ఇటివ్వు," అంది అత్తగారు. సీసా ఆమె కాళ్ళ దగ్గర ఉంది. తీసి ఇచ్చింది. "మూత రావట్లేదే," అంది అత్తగారు. సీసా మళ్ళీ తీసుకుని మూత తిప్పింది. ఆ మూత తిప్పినంతసేపు ఎడమ పక్క చూసేవాళ్ళు ఎవరూ లేరు. భర్త ఎడమ సందులోకి తిప్పాడు. దబ్బుమంది.

స్కూటీ ఒక పక్క, మనిషి ఒక పక్క పడి ఉన్నారు. ఆస్పత్రి ఆయాలు కట్టుకునే నీలం చీర. కాలు ఉండకూడని వైపుకు తిరిగి ఉంది. ఆమె దిగి ఆయా తల దగ్గర కూర్చుంది. భర్త దిగి, "కళ్ళు కనపడవా నీకు?" అని కిందపడిన మనిషిని అరిచాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు. "నువ్వేం చేస్తున్నావు? చెప్పాలి కదా!" వెనక సీట్లోంచి అత్తగారు, "నీళ్ళు నేనడిగాను సరే, రోడ్డు చూసుకుంటూ ఇవ్వలేవా?" అంది. సీసా ఒలికి చీర తడిసిందని కూడా అంది.

అంబులెన్సు వచ్చింది. కానిస్టేబుల్ వచ్చి, ఆవిడే స్పీడుగా వచ్చిందని భర్త చెప్పింది విని, బండి నంబర్లు మాత్రం రాసుకుని, సోమవారం కారు తీసుకుని ఇద్దరూ స్టేషన్‌కు రావాలన్నాడు. ఆయాతో ఆస్పత్రికి ఎవరూ వెళ్ళలేదు. భర్త ఆమెనూ అత్తగారినీ ఇంటి దగ్గర దింపి, పనుందని వెళ్ళాడు. ముప్పావుగంటలో తిరిగొచ్చాడు. కారుకు ఎడమ పక్క కొత్త అద్దం ఉంది. దాని మీద అంటించిన కాగితం కూడా ఇంకా తియ్యలేదు.

"పది నిమిషాలు పట్టింది, అంతే," అన్నాడు సంతోషంగా.

ఆమె అక్కడే నిలబడిపోయింది. ఆమెకు కోపం రాలేదు, లెక్కలాంటిది ఒకటి మొదలైంది. పది నిమిషాలు. రోజుకు రెండుసార్లు ఆమె తల బయట పెట్టిన రెండేళ్ళు ఎన్ని పది నిమిషాలు? ఒక మనిషి కాలు విరిగితే దొరికిన పది నిమిషాలు, తన మెడ కోసం ఒక్కసారీ దొరకలేదు. అయినా ఈ అద్దం ఎవరి కోసం వచ్చింది? ఆయా కోసం కాదు, తన కోసం కాదు, రేపు ఎడమకు తిరగడానికి కూడా కాదు. సోమవారం పోలీసులు చూడటానికి వచ్చింది.

ఆ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని అతను పాఠం చెప్పాడు. "నేను అద్దంలో చూశాను. ఖాళీగా ఉంది. తిరిగాను. ఆవిడ స్పీడుగా వచ్చి దూరింది. నువ్వూ అదే చెప్పు. నువ్వు కూడా చూశానని చెప్పు."

"నేను చూడలేదండి."

"చూశాననే చెప్పు. రోజూ చూస్తావుగా."

"ఆ పూట చూడలేదు."

"రోజూ చూసే మనిషి ఆ పూట మాత్రం చూడలేదంటే ఎవరు నమ్ముతారు?" అని కూర వడ్డించుకున్నాడు. అత్తగారు అందుకుంది. "ఇంటి మగాణ్ణి స్టేషన్లో నిలబెడతావా ఏమిటి? ఆవిడకేం, ఆస్పత్రి మనిషి, ఆస్పత్రిలోనే వైద్యం చేస్తారు." కొంచెం ఆగి, "కాస్త పెరుగు వెయ్యి," అంది. ఆమె వేసింది.

ఆదివారం ఆమె కూరగాయలకని చెప్పి సంచి పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళింది. ఆయా కాలికి తొడ దాకా కట్టు. ఆమెను చూడగానే గుర్తుపట్టింది.

"రండమ్మా. చూశారా, నేను తుడిచే వార్డులోనే పడుకోబెట్టారు. మూలలు నేను సరిగ్గా తుడవట్లేదని పడుకున్నాకే తెలిసింది."

ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. స్టూలు లాక్కుని కూర్చుంది. ఎలా ఉందని అడిగితే, మూడు నెలలు కింద పెట్టకూడదన్నారని చెప్పింది ఆయా. "అదేం పర్లేదు. తప్పు నాదని కేసు రాస్తేనే కష్టం. కేసున్న మనిషి వద్దంటాడు మా కాంట్రాక్టరు. మీ ఆయన నేను స్పీడుగా వచ్చానన్నాడంట కదా? నా స్కూటీ సంగతి మా వీధిలో అడగండి. సైకిళ్ళు దాటిపోతాయి దాన్ని."

ఆమె తల వంచుకుంది.

"మిమ్మల్ని రోజూ చూస్తాను నేను," అంది ఆయా. "మీరు నన్ను చూస్తారో లేదో. అది అద్దం లేని కారని నాకు తెలుసు. మీ తల బయటికొచ్చిందంటే కారు తిరుగుతుందని లెక్క. నేను ఆగుతాను. నిన్న మీ తల కోసమే చూశాను. రాలేదు. పోనీలే నేరుగా పోతారేమో అని వచ్చేశాను."

ఇంట్లో వాళ్ళే కాదు, రోడ్డు మీద మనిషి కూడా ఆమె తల మీద ఆధారపడి బతుకుతోంది. తేడా ఒకటే. ఆయా ఆ సంగతి దాచుకోలేదు. నువ్వెందుకు చూడలేదని కూడా అడగలేదు.

"నీళ్ళసీసా మూత తీస్తున్నాను," అని తనే చెప్పింది.

"ఎవరికి?"

"మా అత్తగారికి."

ఆయా తల ఊపింది. ఆ విషయం మీద ఇద్దరికీ ఇంకేం మాట్లాడుకోనక్కర్లేకపోయింది. ఆమె లేస్తుంటే, "సోమవారం మీరేం చెప్తారమ్మా?" అంది ఆయా. ఆమె సంచి అందుకుంది. ఏం చెబుతుందో అప్పటికి ఆమెకే తెలీదు. దారిలో రెండు రకాల కూరగాయలు కొని, భర్తకు ఇష్టమైనది ఒకటీ తనకు ఇష్టమైనది ఒకటీ ఉన్నాయని ఇంటికొచ్చాక చూసుకుని ఆశ్చర్యపోయింది. తనకిష్టమైన కూర కొని ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు.

సోమవారం పది గంటలకు స్టేషన్. కానిస్టేబుల్ కారు చుట్టూ ఒకసారి తిరిగి, అద్దాలున్నాయి, లైట్లున్నాయి అని రాసుకున్నాడు. భర్తను ముందు పిలిచారు. అతను బయటికొస్తూ ఆమెకు కళ్ళతోనే సైగ చేసి, కార్లో ఉంటానని వెళ్ళాడు. లోపల కాగితాలు రాసే పోలీసాయన ముసలాయన. కళ్ళజోడు మీదుగా చూసి కూర్చోమన్నాడు.

"మీరు కార్లో ఎక్కడున్నారమ్మా?"

"ముందు. ఎడమ సీట్లో."

"మీ ఆయన తిరిగేముందు అద్దంలో చూశారా?"

"ఎడమ పక్క అద్దం లేదండి."

ఆయన కలం ఆగింది. "ఉందని రాసుంది కదమ్మా? మావాడు ఇప్పుడే చూశాడు."

"అది శనివారం మధ్యాహ్నం బిగించింది. గుద్దిన తర్వాత."

"మరి అంతకుముందు?"

"అంతకుముందు రెండేళ్ళు నేనేనండి ఆ అద్దం. నేను చూసి చెబితే ఆయన తిప్పేవారు. ఆ నిమిషం మా అత్తగారు నీళ్ళడిగారు, నేను లోపలికి తిరిగాను. ఆయన తిప్పారు. లైటు వెయ్యలేదు. ఆయా నిదానంగానే వచ్చింది."

ముసలాయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది రాస్తే మీ ఆయనకు ఇబ్బందమ్మా. ఇంటికెళ్ళాలి మీరు. ఆలోచించుకోండి."

"ఆలోచించే వచ్చానండి," అంది. ఆ మాట అబద్ధం. ఆలోచించింది ఆ కుర్చీలో కూర్చున్నాకే. "నేను చెప్పినట్టు రాయండి."

ఆయన రాశాడు. ఆమె చదివింది. రెండేళ్ళు అన్నచోట చాలాకాలం అని ఉంది. దిద్దించి సంతకం పెట్టింది.

భర్త కారు స్టార్ట్ చేసి ఉంచాడు. ఆమె ఎక్కగానే కదిలించాడు. "చెప్పావా?"

"చెప్పాను."

"రాసుకున్నాడా? ఏం చెప్పావు?"

"జరిగింది."

అతను ఆమె వైపు చూశాడు. సందు చివర పెద్ద రోడ్డు వచ్చింది. ఎడమకు తిరగాలి. అలవాటు కొద్దీ కారు ఆపాడు. ఆమె చంక కింద దోపిన బెల్టు బయటికి లాగి, భుజం మీంచి తెచ్చి పెట్టుకుని, కిటికీ పైకెత్తింది. ఎదురుగా రోడ్డు చూస్తూ కూర్చుంది. వెనక ఎవరో హారన్ కొట్టారు. ఇంకెవరో కొట్టారు.

"చెప్పవేం? ఖాళీయేనా?"

"అద్దం ఉందిగా. చూసుకోండి."

అతను చూశాడు. మెకానిక్ హడావిడిలో ఎలా బిగించాడో అది అలాగే పైకి చూస్తోంది. అందులో రోడ్డు లేదు, కరెంటు తీగా కాస్త ఆకాశం ముక్కా ఉన్నాయి. శనివారం నుంచి దాన్ని ఎవరూ సరిచెయ్యలేదు, అందులోకి ఎవరూ చూడలేదు. సరిచెయ్యాలంటే బయటి నుంచే తిప్పాలి. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది. హారన్లు ఎక్కువయ్యాయి. అతను తలుపు తీసుకుని దిగి, వెనకవాళ్ళకు ఆగమని తనే చెయ్యి చూపిస్తూ, కారు ముందు నుంచి చుట్టూ నడిచి ఎడమ పక్కకు వచ్చాడు.