గోటి మీద కత్తి

కత్తి అంచును చూపుడువేలి గోటి మీద ఆనించి ఫైవిష్ గ్రోస్ మెల్లగా లాగాడు. మొన నుంచి పిడి దాకా, పిడి నుంచి మొన దాకా. తర్వాత వేలి కండ మీద. తర్వాత అంచుకు అటుపక్కా ఇటుపక్కా. వెంట్రుకంత గంటు ఉన్నా గోటికి తగులుతుంది. తగిలితే ఆ కత్తి మళ్లీ రాయి మీదకు వెళ్లాల్సిందే. గంటున్న కత్తితో కోసిన గొడ్డు యూదుల ఇళ్లలో వండడానికి పనికిరాదు. నలభై ఒక్క ఏళ్లుగా ప్రతి గొడ్డుకు ముందూ తర్వాతా ఆయన చేస్తున్న పని ఇదే.

అరవై ఏడేళ్ల మనిషి. నడుం కొంచెం వంగింది. నెరిసిన గడ్డాన్ని ప్లాస్టిక్ వలలో కుక్కి, మోకాళ్ల దాకా తెల్ల రబ్బరు బూట్లు తొడిగాడు. ఇది చదువుకున్నవాడు చేసే పని, కసాయి పని కాదు అని మా యూదుల పేట బ్రౌటన్ పార్కులో అందరూ గౌరవంగానే అంటారు. సోమవారం తెల్లారకముందే చలికి వణుకుతూ వ్యాను ఎక్కేటప్పుడు ఆ గౌరవం ఎవరికి కనబడుతుంది? మాంచెస్టర్ దాటి గుట్టల్లో ఉన్న ఆ కబేళా ఇంగ్లీషువాళ్లది. వారమంతా వాళ్లు తలకు తుపాకి పెట్టి, స్పృహ తప్పించి కోస్తారు. సోమవారం ఒక్క పూట మాకిస్తారు.

గొడ్డు ఇనుప పెట్టెలోకి వచ్చింది. గడ్డం కింద పట్టీ లేచి తలను పైకెత్తింది. ఫైవిష్ ఒక్క లాగు లాగి పక్కకు జరిగాడు. పెట్టె అవతల సర్కారు పశువైద్యురాలు నియెవెస్ గడియారం నొక్కింది. కోసిన తర్వాత స్పృహ పోయేదాకా, కనీసం ముప్ఫై సెకండ్లు, గొడ్డును కదిలించకూడదని చట్టం. స్పెయిన్ నుంచి వచ్చిన ఈ సన్నటావిడ ప్రతిదీ కాగితం మీద రాస్తుంది. ఆ గడియారం టిక్కుమన్నప్పుడల్లా ఫైవిష్‌కు తన నెత్తిమీద కొట్టినట్టుండేది.

"రెండు నెలలుగా మీరు కోసినవి ఆలస్యంగా పడుతున్నాయండీ. నఫ్తాలి గారు కోసినవి అలా లేవు," అందావిడ.

"పెట్టె మార్చారుగా డాక్టరమ్మా. తల సరిగ్గా ఆనడం లేదు."

ఆవిడ అదీ రాసుకుంది.

నాలుగేళ్ల కిందట, గొడ్డును ఎలా చంపారో మాంసం పొట్లం మీద అచ్చు వేయాలని గొడవ లేచినప్పుడు, లండన్‌లో కమిటీ ముందు మాట్లాడటానికి మావాళ్లు ఫైవిష్‌నే పంపారు. పండగ కోటు వేసుకుని వెళ్లాడు. "మంచి కత్తితో వేలు తెగితే మనకే తెలీదు. నెత్తురు చూశాకే తెలుస్తుంది. గొడ్డుకూ అంతే, దానికి తెలీదు," అని చెప్పి వచ్చాడు. ఆ మాట ఎన్ని పెళ్లిళ్లలో, ఎన్ని విందుల్లో చెప్పించుకున్నారో లెక్కలేదు. ఆయన నోరు తెరవకముందే భార్య ఫ్రేడెల్ అప్పజెప్పేసేది.

తొమ్మిదో గొడ్డు అయ్యాక కత్తిని మళ్లీ గోటి మీద లాగుతున్నాడు. నున్నగా పోయింది. తృప్తిగా తలాడించాడు.

"గురూ, నెత్తురు!" అన్నాడు క్లిఫ్. గొడ్లను కొక్కేలకు తగిలించే మనిషి, ఇరవై ఏళ్ల పరిచయం.

"గొడ్డుదిలే."

"గొడ్డు అక్కడ వేలాడుతోంది స్వామీ. ఇది తమరిదే."

వేలి కొస నిలువునా చీలి ఉంది. నెత్తురు మణికట్టు దాకా కారింది. ఫైవిష్‌కు అలవాటు కొద్దీ నవ్వొచ్చింది. "చూశావా! కత్తంటే ఇదీ. నాకు తెలియనే..."

మాట మధ్యలో ఆగిపోయింది.

క్లిఫ్ నీలం పట్టీ తెచ్చి అంటించాడు. "ఫోటో తీసి లండన్ పంపు. నీ కేసు గెలిచినట్టే," అని వెళ్లిపోయాడు.

ఫైవిష్ ఆ వేలిని బొటనవేలితో నొక్కాడు. గట్టిగా నొక్కాడు. నొప్పి లేదు. కత్తులు ముంచే వేడినీళ్ల తొట్టి పక్కనే పొగలు కక్కుతోంది. పక్క వేలు అందులో పెట్టాడు. తీసేసరికి ఎర్రగా కమిలి ఉంది. వేడి మాత్రం తెలియలేదు.

పోయిన చలికాలంలో షుగర్ డాక్టరు కాళ్లు జాగ్రత్త అన్నాడు. కాళ్లు చూపించుకున్నాడు. చేతుల సంగతి ఆయన అడగలేదు, ఈయన చెప్పలేదు. చొక్కా గుండీలు పెట్టమని ఫ్రేడెల్‌ను పిలవడం ఎప్పుడు మొదలైందో కూడా గుర్తు లేదు. చలి అనుకున్నాడు, వయసు అనుకున్నాడు.

కత్తి పట్టుకుని నఫ్తాలి దగ్గరికి వెళ్లాడు. తన తర్వాత గొడ్లు కోసేవాడు, ముప్ఫై ఐదేళ్లుంటాయి, రాయి దగ్గర తన కత్తి నూరుకుంటున్నాడు.

"ఒకసారి చూడు."

నఫ్తాలి గోటి మీద లాగాడు. సగంలో ఆగాడు. వెనక్కి వెళ్లి మళ్లీ లాగాడు.

"ఇక్కడొకటి ఉంది," అన్నాడు మెల్లగా. "ఇదిగో, ఇక్కడ ఇంకోటి."

అవతల గొట్టంలోంచి నీళ్లు పడుతున్న చప్పుడు.

"ఆ చివరిదాని మెడ ఎముక తగిలి ఉంటుంది రెబ్ ఫైవిష్ గారూ. అదొక్కటీ పక్కన పెట్టేద్దాం. మిగతావి మీరు చూసినవేగా."

ఆ మాట ఎంత హాయిగా ఉందో! తలూపితే చాలు, నోటితో అబద్ధం ఆడక్కర్లేదు. సెప్టెంబరులో వచ్చే మా కొత్త సంవత్సరం ఇంకో వారమే ఉంది. ఊళ్లో ప్రతి ఇంటివాళ్లూ ఈ మాంసం కోసమే చూస్తున్నారు. ఫైవిష్‌కు తల ఊపాలనే ఉంది. అలసిపోయి ఉన్నాడు. ఇంటికెళ్లి పడుకోవాలని ఉంది.

"నేను చూశానంటున్నావు. నేనెక్కడ చూశాను నఫ్తాలీ? నా వేళ్లలో స్పర్శ లేదు."

"ఎప్పట్నుంచి?"

"నాకు తెలిస్తేగా. ఆ డాక్టరమ్మ కాగితాలు చూడు. ఆవిడకు తెలుసు."

నఫ్తాలి మొహం పాలిపోయింది. "ఇది పేపరువాళ్ల చెవిన పడితే... అసలే లేబుళ్లు వేయాలని అరుస్తున్నారు. మీ మాటే కదండీ మనందరికీ..."

"అందుకే. రబ్బీకి ఫోన్ చెయ్."

మా మతగురువు రబ్బీ అంతా విన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఈ రోజు ఫైవిష్ కోసిన తొమ్మిదీ మన ఇళ్లకు పనికిరావన్నాడు, వెనకటి వారాల కాగితాలు పంపమన్నాడు, ఇక కత్తి కింద పెట్టమన్నాడు. తర్వాత, "ఇంటికి జాగ్రత్తగా వెళ్లు ఫైవిష్," అన్నాడు.

క్లిఫ్ కత్తెర తెచ్చి ఒక్కొక్క కళేబరానికీ యూదులకు పనికొస్తుందని కట్టిన సీళ్లు తెంపి, కళేబరాలను మామూలు మాంసం వెళ్లే అవతలి పట్టాల మీదకు నెట్టడం మొదలుపెట్టాడు.

"ఇప్పుడిదేం మాంసం గురూ?"

"మామూలు మాంసం."

"దానిమీద ఏమని రాస్తారు?"

"ఏమీ రాయరు."

"అయితే శనివారం మా ఆవిడ దీన్నే కొనుక్కొచ్చి నాకు వండిపెడుతుందన్నమాట!" క్లిఫ్ నవ్వబోయి, ఫైవిష్ మొహం చూసి మానేశాడు.

ఫైవిష్ గది చివరికి నడిచి నియెవెస్ ముందు నిలబడ్డాడు.

"అన్నిటికంటే ఆలస్యంగా పడింది ఎంతసేపు?"

ఆవిడ పేజీలు తిప్పింది. చెప్పాలా వద్దా అన్నట్టు చూసింది. "యాభై రెండు సెకండ్లండీ. ఆగస్టులో."

"నల్లది. నుదుట తెల్లమచ్చ."

"అవును."

అది పెట్టెలో తల తిప్పి తనవైపు చూడబోయింది. ఎంతకీ కాళ్లు మడవలేదు. పెట్టెను తిట్టుకుని తర్వాతిదాన్ని పిలిచాడు.

"దానికి తెలీదని చెప్పానమ్మా లండన్‌లో. అంతమంది ముందు," అన్నాడు. "దానికి తెలిసింది. నాకే తెలీలేదు."

ఆవిడ గడియారాన్ని జేబులో పెట్టేసుకుంది. ఫైవిష్‌కు ఉద్యోగం పోయిందన్న దిగులు ఇంకా రాలేదు. గొడ్ల ముందు సిగ్గుగా ఉంది, అంతే. వాటికి క్షమాపణ చెప్పుకునే ప్రార్థన ఏదీ ఆయన చదివిన పుస్తకాల్లో లేదు.

వ్యాను మధ్యాహ్నం దాకా కదలదు. మిగిలినవి నఫ్తాలి కోయాలి. ఫైవిష్ బూట్లు కడిగి గోడవారగా పెట్టి, కోటు వేసుకుని, గుండీలు పెట్టుకోకుండానే బస్సు స్టాపు వైపు నడిచాడు. సన్నగా వాన పడుతోంది. ఎవరూ సాగనంపలేదు. లోపల పని మళ్లీ మొదలైంది.

పట్టాల కింద, నీళ్లు పోయే కాలువ పక్కన, క్లిఫ్ పెట్టిన బకెట్లో తెంపిన సీళ్లు తడిసి పడున్నాయి. ఒక్కొక్కదాని మీదా ఆ రోజు తారీఖూ, దాని కింద ఫైవిష్ గ్రోస్ పేరూ ఉన్నాయి.