ఏటి మధ్య ఆగిన ఇంజను

తలుపులమ్మ గొంతు సినిమావాళ్ళు తీసేశారు. మొహం ఉంచుకుని గొంతు తీసేశారు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

బుల్లియ్య పడవ అడుగున ఊరిన నీటిని డబ్బాతో తోడి ఏట్లో పోశాడు. అరచేతులు తాడు ఒరుసుకుని నున్నబడిపోయాయి. ఎడమ మోకాలు వంగదు. కాలు చాపి, ఒక పక్కకు ఒరిగి తోడతాడు. తోడటం అయ్యాక ఇంజను పక్కన, ఎండ తగలని చోట, స్టీలు క్యారేజీ పెట్టాడు. వంట అతనే చేసుకుంటాడు. ఈమధ్య సగం అన్నం చేపలకే పోతోంది.

రేవులో జనం ఎక్కుతున్నారు. కొబ్బరికాయల వ్యాపారం చేసే సత్తిరాజు మోటారు సైకిల్ ఎక్కించాడు. ఫోన్లు పట్టుకుని కాలేజీ పిల్లలు కొందరు ఎక్కారు. చివరగా నేతచీర కట్టుకున్న ఒకావిడ, యాభై దాటిన మనిషి, చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కింది.

పిల్లలు ఎందుకొచ్చారో బుల్లియ్యకు తెలుసు. పదిహేనేళ్ళ కిందట ఈ రేవులో ఒక సినిమా తీశారు. సినిమావాళ్ళే సినిమావాళ్ళను వెక్కిరిస్తూ తీసిన నవ్వుల సినిమా. అందులో ఒక పెద్ద హీరో కండలు కనబడాలని తిండి మానేస్తాడు. అభిమానులు అతని కటౌట్‌కు బిందెలకొద్దీ పాలు పోస్తుంటారు, కింద అతనికి ఆకలితో కళ్ళు తిరుగుతుంటాయి. ఆ వేషం వేసినతను నిజంగానే పొద్దుటి నుంచీ పస్తున్నాడు. మొగుడు బుల్లియ్యకు అన్నం తెచ్చిన తలుపులమ్మ అది చూసింది. కెమెరా తిరుగుతోందని ఆమెకు తెలియదు. గుంపును తోసుకుంటూ వెళ్ళి, క్యారేజీ మూత తీసి, "ఏం నాయనా, అన్నం తిన్నావా?" అంది.

డైరెక్టరు ఆపమనలేదు. ఆ ముక్క సినిమాలో ఉంచేశాడు.

రాజమండ్రి వెళ్ళి చూశారు ఇద్దరూ. తెర నిండా తలుపులమ్మ మొహం. నోరు తెరిచింది. వచ్చింది ఎవరిదో గొంతు, సాగదీసి, కీచుగా. హాలంతా పగలబడి నవ్వింది. తిరుగుబస్సులో ఆమె చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

"నా గొంతు బాగోలేదేమో మావా," అంది.

ఆమె పోయి మూడేళ్ళు. ఈ ఏడు ఆ సినిమాను మళ్ళీ హాళ్ళలో వేశారు. ఇక రోజూ ఎవరో ఒకరు వచ్చి, పడవ మీద నిలబడి, ఆ మాట కీచుగా అని ఫోన్లో తీసుకుంటున్నారు. బుల్లియ్యను తినేస్తున్నది అది కాదు. తలుపులమ్మ పిలిచినట్టు తలచుకుంటే ఇప్పుడు అతనికీ ఆ కీచుగొంతే వినబడుతోంది. అసలుది ఎంత వెతికినా దొరకడం లేదు.

పడవ సగం ఏరు దాటింది. ఒకమ్మాయి లేచి, చున్నీ నెత్తిన కప్పుకుని, "ఏం నాయనా..." అని కీచుగా ఎత్తుకుంది. మిగతావాళ్ళు విరగబడి నవ్వారు.

"కూర్చోండమ్మా, పడవ ఒరుగుద్ది," అన్నాడు సత్తిరాజు. "ఆవిడ ఎవరనుకున్నారు? మా బుల్లియ్య పెళ్ళామే. సినిమా స్టార్ మొగుడండీ బాబూ ఈయన, దణ్ణం పెట్టండి!"

నేతచీర ఆవిడ అతని దగ్గరకు జరిగింది.

"ఆవిడ మీ ఇంటావిడాండి? ఉన్నారాండి?"

"లేదు."

"నా పేరు రత్నమాణిక్యమండి. మాది పెనుగొండ. హైదరాబాద్‌లో డబ్బింగ్ చెప్పేదాన్ని. ఆ మాట నేను చెప్పిందేనండి."

ఈ మనిషి కనబడితే తిట్టాలని బుల్లియ్య దాచుకున్నవి చాలా ఉన్నాయి.

"నువ్వేనన్నమాట," అన్నాడు.

"నేనేనండి. షూటింగ్‌లో ఆవిడ అన్న రికార్డు చెవుల్లో పెట్టించుకుని, ముందు అచ్చం అలాగే చెప్పానండి. అలా అయితే ఎవరూ నవ్వరు, సాగదీయమన్నారు. ఆవిడ అన్న తీరు నా చెవిలో ఇంకా అలాగే ఉందండి."

బుల్లియ్య ఇంజను ఆపేశాడు.

ఏటి మధ్యలో ఇంజను ఆపడం అతని జన్మలో లేదు. పడవ ముక్కు తిరిగి వాలుకు జారసాగింది. చెక్కకు నీళ్ళు తగులుతున్న చప్పుడు ఒక్కటే మిగిలింది.

"ఒరేయ్ బుల్లియ్యా, ఏంట్రా ఇది! రేవు దాటిపోతన్నాం!"

"నోరు ముయ్ సత్తిరాజూ." ఆమె వైపు తిరిగాడు. "అను."

ఆమె తల వంచుకుంది. "ఏం నాయనా," అని కాస్త ఆగింది. "అన్నం తిన్నావా?"

తగ్గు గొంతు. చివర చిన్న జీర. 'అన్నం' దగ్గర కోప్పడుతున్నట్టు బరువుగా దిగింది. ఆ గొంతుతోనే తలుపులమ్మ గట్టు మీంచి కేకేసేది. ఆ గొంతుతోనే ఆఖరి జ్వరంలో మంచినీళ్ళడిగింది.

ఎవరూ నవ్వలేదు. చున్నీ కప్పుకున్న అమ్మాయి ఫోన్ ఎత్తింది. "ఆంటీ, ఇంకొక్కసారి అనరా? రికార్డ్ చేస్తాను."

రత్నమాణిక్యం బుల్లియ్యను చూసింది. "మీ ఫోన్లో పెట్టమంటారాండి?"

"అక్కర్లేదు," అని బుల్లియ్య ఇంజను తాడు లాగాడు.

రేవుకు దిగువన, బురదలో ఆగింది పడవ. సత్తిరాజు తిట్టుకుంటూ మోటారు సైకిల్ తోశాడు. రత్నమాణిక్యం చెప్పులు చేత్తో పట్టుకునే గట్టెక్కి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

సాయంత్రం తిరుగు పడవలో సత్తిరాజు అడిగాడు. "ఏంట్రా, పొద్దున్న నీకొచ్చిన మాయరోగం?"

"ఆ ఊసు ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తకు," అన్నాడు బుల్లియ్య. ఆ తర్వాత ఎవరడిగినా అతను నోరు విప్పలేదు.

ఇంజను పక్కన, మూత మీద తలుపులమ్మ పేరు కొట్టించిన క్యారేజీ, ఒక్క మెతుకూ చేపలకు పోకుండా ఖాళీ అయి, కడిగి బోర్లించి ఉంది.