సారు సీట్లో ఉన్నారు

నేను ఒక చేతుల కుర్చీని. ఎవరినో ఒకరిని కూర్చోబెట్టడంతోనే నా బతుకు సరిపోయింది. విధేయత గురించి నా దగ్గర చాలామంది చాలా చెప్పారు. చెప్పినవాళ్ళంతా నా మీద కూర్చునే చెప్పారు. వినేవాళ్ళు నిలబడి విన్నారు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, మిగతాది తేలిగ్గా ఎక్కుతుంది.

నన్ను చేసింది కోటలింగాచారి అనే వడ్రంగి. ఒళ్ళంతా టేకు, కూర్చునే చోట పేము అల్లిక. "చేతులు ఇంత వెడల్పెందుకన్నా?" అని పక్కన చిత్రిక పడుతున్న తమ్ముడు అడిగితే, "ఆఫీసు కుర్చీరా ఇది. టీ గ్లాసు పెట్టుకోవాలా, చెయ్యి పెట్టుకోవాలా, కునికితే తల పెట్టుకోవాలా. పని పెట్టుకోటానికి టేబులుందిగా" అన్నాడు. నా గురించి అంత నిజం తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

మండలాఫీసులో నా వీపు మీద తెల్ల తువ్వాలు వేశారు. ఆ రోజు నుంచి నా ముందు జనం చేతులు కట్టుకుని నిలబడటం మొదలుపెట్టారు. సారు సెలవులో ఉన్నా సరే, నన్ను చూసి గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు. సార్లు వచ్చారు, పోయారు. తువ్వాలు మాత్రం మారలేదు, ఉతికించారంతే.

ఆ తువ్వాలు ఉతికేదీ, నన్ను తుడిచేదీ బెన్యామీను అనే అటెండరు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ రోజూ పొద్దున్నే నన్ను తుడిచాడు. గదిలో ఇంకెవరూ లేని వేళల్లో కూడా ఒక్కసారి నా మీద కూర్చోలేదు. "అట్టాగే సార్" అనే మాట అతని నోట్లో ఉమ్మిలాగా ఎప్పుడూ ఊరుతూ ఉండేది. ఆఫీసులో అతనికున్న అధికారమంతా ఒకే ఒక్క మాట. గుమ్మం దగ్గరికి ఎవరొచ్చినా, మొహంలో ఏ భావమూ లేకుండా చెప్పేవాడు: "సారు సీట్లో ఉన్నారు. బయట బెంచీ మీద కూర్చోండి. పిలుస్తాను." ఎంత మీసమున్నవాడైనా ఆ మాట వింటే వెనక్కి తిరిగి వెళ్ళి బెంచీ మీద కూర్చునేవాడు. పిలిచేదాకా కూర్చునేవాడు.

గుమ్మం దగ్గర నిలబడీ నిలబడీ అతని తుంటి అరిగిపోయింది. సరిగ్గా అతను రిటైరయ్యే వేళకే ఆఫీసుకి చక్రాల కుర్చీలొచ్చాయి. నన్ను వేలానికి పెట్టారు. బెన్యామీను పాడాడు.

"నీకెందుకయ్యా కుర్చీ?" అన్నాడు కొత్తగా వచ్చిన కుర్ర సారు.

"కూసోటానికి సార్."

అందరూ నవ్వారు. అందులో నవ్వేదేముందో బెన్యామీనుకి అర్థం కాలేదు. నాకూ కాలేదు. జనం కూర్చునే ఆ పాత బెంచీని ఎవరూ పాడకపోతే, దాన్ని కూడా తీసుకుపొమ్మని ఊరికే ఇచ్చేశారు.

ఇంటికొచ్చాక బెంచీని బయట గోడవార వేసి, కుంటికాలి కింద ఇటుక పెట్టాడు. నన్ను ముందుగదిలో వేశాడు. కాళ్ళు కడుక్కుని వచ్చి, నేనేమైనా అంటానేమోనన్నట్టు అంచు మీద కూర్చున్నాడు. నేనేమీ అనలేదు. మెల్లిగా వెనక్కి వాలాడు. దాహమైతే తనే లేచి వెళ్ళి నీళ్ళు తాగి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. ఇంట్లో ఒకరికి పని చెప్పొచ్చన్న సంగతి అతనికి తట్టదు.

ఆ సుఖం ఒక్క పూట నడిచింది. సాయంత్రం అతని భార్య దీనమ్మ ప్రార్థన గుడి నుంచి వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది.

"దేవుడే పంపించాడయ్యా. లెగు, లెగు."

సంగతేమిటంటే, వాళ్ళ కూతురు సలోమికి పెళ్ళయి ఏళ్ళు గడుస్తున్నా కడుపు పండలేదు. ఆ రోజే పాస్టరు ఏలియాజరు గారు ప్రసంగంలో చెప్పారట. పూర్వం పిల్లలు లేని ఒక ఇల్లాలు దైవజనుడి కోసం గది కట్టించి, మంచమూ, బల్లా, కుర్చీ, దీపమూ అమర్చిందట. దానికి ఫలంగా ఆమెకి కొడుకు పుట్టాడట. దీనమ్మ దారి పొడుగునా ఆలోచించుకుంటూ వచ్చింది. గది కట్టించే తాహతు లేదు. మంచానికి నులక తెగింది. ఇంటికి రాగానే నేను కనిపించాను.

మర్నాడు గురువారం, ఇంట్లో ప్రార్థన కూడికకి పాస్టరు అయ్యగారు వచ్చి నా మీద కూర్చున్నారు. నా చేతులు రెండూ నిమిరి చూశారు. నాకు ఆ నిమరడం కొత్త కాదు, బదిలీ మీద వచ్చిన ప్రతి సారూ మొదటిరోజు అలాగే నిమిరేవాడు.

"అమ్మా, ఇది ఇక దైవజనుడికి ప్రతిష్ఠించిన ఆసనం. ఇంకెవర్నీ కూర్చోనివ్వకు. విధేయత చూపించు, ఆశీర్వాదం దానంతటదే నీ గుమ్మంలోకి వస్తుంది."

"అట్టాగేనయ్యగారూ" అంది దీనమ్మ.

"అట్టాగేనయ్యగారూ" అన్నాడు చాప మీద నుంచి బెన్యామీను.

కుర్చీ బెన్యామీనుది, ఆజ్ఞ అయ్యగారిది, ఆశీర్వాదం సలోమికి. లెక్క బాగానే ఉంది. తుంటి ఒక్కటే లెక్కలోకి రాలేదు. నా వీపు మీదికి మళ్ళీ తెల్ల తువ్వాలు వచ్చింది. అయ్యగారు వచ్చే గురువారాలు తప్ప మిగతా రోజులన్నీ నేను ఖాళీగా ఉన్నాను. బెన్యామీను కింద కూర్చుని, లేవలేక లేస్తూ, రోజూ పొద్దున్నే నన్ను తుడిచాడు. రిటైరయ్యాడని నేనే పొరపాటు పడ్డాను.

నొప్పి ఎక్కువైతే ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు సాంబయ్య వచ్చి చూశాడు.

"నేల మీద కూర్చోవద్దు. బయట ఆ బెంచీ కూడా వద్దు, పట్టుకుని లేవటానికి ఆధారం లేదు. చేతులున్న కుర్చీ కావాలి. అదిగో, ఉందిగా."

"అది దేవుడిదండీ" అంది దీనమ్మ.

"దేవుడికి కూడా తుంటినొప్పేనా?" అని సూది సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

దీనమ్మకి ఆ మాట గుచ్చుకుంది. అయినా కదల్లేదు. కూతురి కడుపు ఒకవైపు, మొగుడి తుంటి ఒకవైపు. ఆవిడ రాయేమీ కాదు, భయం అంతే. విధేయత అని మనుషులు చెప్పుకునే దాంట్లో సగం ఈ భయమే. మిగతా సగం అలవాటు.

ఒక గురువారం బెన్యామీను చాప మీద నుంచి లేవబోయి పక్కకి పడ్డాడు. చేతికి అందింది నా కాలే. దాన్ని పట్టుకుని పళ్ళు బిగించి లేచాడు. లేచాక, పట్టుకున్న చోట మరకేమైనా పడిందేమోనని భుజం మీది గుడ్డతో తుడిచాడు.

వంటింటి గుమ్మంలో నుంచి దీనమ్మ అది చూసింది. పడటం చూసినప్పుడు ఏడవలేదు. తుడవటం చూసి ఏడ్చింది. కళ్ళు ఒత్తుకుని వచ్చి అతని పక్కన నిలబడింది.

"ఏమయ్యా, నన్నొక మాట అడగవేంది?"

"ఏమని?"

"కుర్చీ నాదే, నేను కూసుంటా అని."

"అయ్యగారు వద్దన్నారుగా."

"అయ్యగారు ఇంకోటి గూడా చెప్పారు. పెళ్ళాం మొగుడికి లోబడాలని. ఎవురి పెళ్ళి జరిగినా అదేగా చెప్పేది. నువ్వు గట్టిగా ఒక్క మాట చెప్పు, నేను లోబడతా. అప్పుడు నా విధేయతా పోదు, నీ తుంటీ పోదు."

ఉపాయం బ్రహ్మాండంగా ఉంది. చిక్కల్లా ఒక్కటే. లోబడటానికి ఆవిడ సిద్ధమే, ఆజ్ఞాపించడం అతనికి రాదు.

"దీనా... మరి... నీకు వీలయితే..."

"వీలయితే ఏంది? మొగుడివి నువ్వు."

అతను గొంతు సవరించుకున్నాడు. "కుర్చీలో కూసుందామని అనుకుంటన్నానండీ."

దీనమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "నేను మీ ఆఫీసరునా అండీ గిండీ అంటానికి? సరే, ఇప్పుడు వద్దులే. అయ్యగారు వచ్చే యాళయింది. ఆయన ముందరే చెప్పు, అప్పుడు లెక్కలోకొస్తది." అని రెక్క పట్టుకుని నా మీద కూర్చోబెట్టింది. చాలాకాలానికి అతని బరువు నా మీద పడింది. పెద్ద బరువేమీ కాదు.

అయ్యగారు వచ్చారు. గుమ్మంలో నిలబడి, నన్నూ, నా మీదున్న మనిషినీ చూశారు.

"ఏం బెన్యామీనూ, ఎక్కడ కూర్చున్నావు?"

బెన్యామీను రెండు చేతులూ నా చేతుల మీద బిగుసుకున్నాయి. ఆ బిగువు నాకు తెలుసు, లేవబోతున్నాడు. లేవకయ్యా అని చెబుదామనుకున్నాను. కానీ ఆజ్ఞాపించడం నాకూ రాదు. ఇద్దరం ఒకే ఆఫీసులో పనిచేశాం కదా.

సగం లేచాడు. తుంటి పట్టేసింది. మళ్ళీ కూలబడ్డాడు.

"చెప్పయ్యా" అంది దీనమ్మ, గోడకి ఆనుకుని. "నేను వింటన్నా."

అయ్యగారు దీనమ్మ వైపు చూశారు. దీనమ్మ మొగుడి వైపు చూసింది. బెన్యామీను నోరు తెరిచాడు. ఆజ్ఞ కోసం బుర్రంతా వెతికినట్టున్నాడు, ఉన్నది ఒకటే దొరికింది. మొహంలో ఏ భావమూ లేకుండా అన్నాడు:

"సారు సీట్లో ఉన్నారు. బయట బెంచీ మీద కూర్చోండి. పిలుస్తాను."

నేను చూసినవాటిల్లో వింతంటే తర్వాత జరిగిందే. ఏలియాజరు గారు కోప్పడలేదు. ఒకప్పుడు ఇళ్ళస్థలం పట్టా కోసం ఆయన కూడా మా ఆఫీసు గుమ్మానికి వచ్చినవారే. ఆ మాట ఆ గొంతులో విన్నాక ఆయన ఆలోచించే లోపే కాళ్ళు వెనక్కి తిరిగాయి. బయటికి వెళ్ళి, ఇటుక పెట్టిన ఆ బెంచీ మీద, బైబిలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"అట్టాగేనయ్యా" అంది దీనమ్మ మొగుడితో. ఆనక చెంబుతో మంచినీళ్ళు తీసుకుని బెంచీ దగ్గరికి వెళ్ళింది.

ఆ రోజు ప్రార్థన బెంచీ మీద నుంచే జరిగింది. సలోమి పేరూ ఎత్తారు, ఇంటిల్లిపాదినీ దీవించారు. ఆశీర్వాదం గుమ్మం దాటి లోపలికి బాగానే వినిపించింది. దానికి టేకు కుర్చీ అవసరం లేదని నాకు అప్పుడే తెలిసింది.

తర్వాత బెన్యామీను బతికినన్నాళ్ళూ నా మీదే కూర్చున్నాడు. చివరిదాకా నీళ్ళు మాత్రం తనే లేచి వెళ్ళి తెచ్చుకున్నాడు. రెండు చేతులూ ఆనించి, హాయిగా లేచేవాడు. సలోమి ఫైలు ఇంకా దేవుడి దగ్గర పెండింగులోనే ఉంది. కుర్చీ వెనక్కి తీసుకున్నందుకే ఆగిందని కొందరన్నారు. ఇచ్చి ఉంచిన రోజుల్లో ఎందుకు కదల్లేదో వాళ్ళెవరూ చెప్పలేదు.

అతను పోయాక జరిగిన ఆదరణ కూడిక రోజున దీనమ్మ నన్ను తుడిచి, వీపు మీద తెల్ల తువ్వాలు వేసింది. అయ్యగారు రాగానే, "కూర్చోండయ్యగారూ. ఇప్పుడు ఖాళీయేగా" అంది.

ఏలియాజరు గారు గుమ్మంలో నిలబడి నన్ను చాలాసేపు చూశారు. "పర్లేదమ్మా" అని వెనక్కి తిరిగి, బెంచీ మీద కూర్చున్నారు.

అక్కడి నుంచి లోపలికే చూస్తున్నారు, ఎవరో పిలుస్తారన్నట్టు.