చీటీ కౌన్సిలర్

పాత ప్యాంటు అంచు మడిచి మిషను సూది కింద పెట్టేసరికి, "చీటీ కౌన్సిలరు ఉన్నాడా?" అని బయట ఎవరో అడగడం వినిపించింది. దర్జీ తలెత్తలేదు. అయిదేళ్ళుగా ఆయనకు అదే పేరు. కిందటి ఎన్నికల్లో ఇద్దరికీ సమానంగా ఓట్లు పడితే, అధికారి రెండు చీటీలు డబ్బాలో వేసి ఒకటి తీశాడు. ఈయన పేరొచ్చింది. నక్క తోక తొక్కాడన్నారు జనం. తోకా లేదు, పాడూ లేదు. ఆ రోజు నుంచి మనిషికి కంటినిండా నిద్ర లేదు.

అప్పుడు ఆయన ఇచ్చిన మాట ఒక్కటే, వెనక సందు మలుపులో దీపం పెట్టిస్తానని. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, పై ఆఫీసు ఊ అంటే కింది ఆఫీసు ఊహూ అంది. అర్జీలు రాసి రాసి, చివరికి రెండు వారాల కిందట దీపం వార్డు ఆఫీసుకు చేరింది. మర్నాడే ఎన్నికల కోడ్ వచ్చిపడింది. పోలింగ్ అయ్యేదాకా కొత్త పని ఏదీ ముట్టుకోకూడదట.

వచ్చినవాడు లైన్‌మన్, తన ప్యాంటు కోసం. దీపం బిగించడం ఒక్క గంట పనే కదా అని దర్జీ మళ్ళీ బతిమాలాడు.

"గంట పనేనన్నా. కానీ కోడ్ ఉంది. నా ఉద్యోగం పోతుంది, నీ పోటీ పోతుంది. పది రోజులు ఓపిక పట్టు."

మధ్యాహ్నం భార్యతో కలిసి ఓట్లడగడానికి బయల్దేరాడు. మిషను మీద వంగి వంగి ఎడమ భుజం జారిపోయిన మనిషి. మెడలో టేపు తీయడం మరిచిపోయాడు. ఓట్లు కొలవడానికొచ్చావా అని ప్రతి గుమ్మంలోనూ నవ్వారు. ఆయనా నవ్వాడు. నవ్వక చస్తాడా! వెనకాలే ఐసు ఫ్యాక్టరీ యజమాని మనుషులిద్దరు ఫోన్లలో వీడియో తీస్తూ వచ్చారు. కిందటిసారి చీటీలో ఓడింది ఆ యజమానే.

వెనక సందులో ఆయమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. బళ్ళో ఆయాగా ముప్ఫయ్యేళ్ళు చేసింది. ఏడుస్తున్న దర్జీని చంకనెత్తుకుని తరగతిలో దింపిన మనిషి. ఇప్పుడు పొద్దువాలితే ఆమెకు చూపు ఆనదు. అయినా పాలకు సాయంత్రం తనే వెళ్ళాలి.

"దీపం వచ్చిందటగా, నాయనా?"

వచ్చిందనీ, పది రోజులు ఆగాలనీ చెప్పాడు. చెబుతుంటే సిగ్గేసింది. పోనీ కొట్టు నుంచి వైరు లాగి బల్బు కడదామని గొణిగాడు. భార్య ఆయన చొక్కా పట్టి లాగింది. ఓటుకు లంచమిచ్చాడంటారు, ఆ ఫోన్లు చూడమంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆయనకు నిజంగానే ఏం చేయాలో తోచలేదు. కనీసం పాలు నేను తెచ్చిస్తానన్నాడు.

ఆయమ్మ పకపకా నవ్వింది. "కౌన్సిలరు తెచ్చిన పాలు లంచం కావూ? పోరా. నీకు ఓటేసేదాకా నేనెక్కడికీ పోను."

దీపాలు పెట్టే వేళకు ఆయన రెండు వీధుల అవతల, ఒక ముసలాయనకు తన గుర్తు ఎక్కడుంటుందో చూపిస్తున్నాడు. పక్కింటావిడ పరుగున వచ్చి, ఆయమ్మ మలుపులో కాలువ బండ మీద జారిపడిందని, తలకు దెబ్బ తగిలిందని చెప్పింది.

ఆయన వెళ్ళేసరికి ఆమెను లోపల మంచం మీద పడుకోబెట్టారు. డాక్టరు నాడి చూసి, చెయ్యి మెల్లగా పక్కన పెట్టేశాడు. సందునిండా జనం, జనం చేతుల్లో ఫోన్ల వెలుగు. ఐసు ఫ్యాక్టరీ యజమాని కూడా వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దర్జీని ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

లైన్‌మన్ పక్కకు వచ్చి, తల దించుకుని అన్నాడు. "రేపే బిగించేస్తానన్నా. ఏమవుతుందో చూద్దాం."

"కోడ్ ఉంది కదా," అన్నాడు దర్జీ.

ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. వెలుగు కూడా వాళ్ళతోనే పోయింది. ఆయమ్మ చేతిలోంచి పడ్డ గిన్నెను ఎవరో తెచ్చి గడప పక్కన పెట్టారు. దాని మూత లేదు. దర్జీ మలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, కాలువ గట్టు వెంట చేత్తో తడుముతూ చాలాసేపు వెతికాడు. ఇంటికి రమ్మని భార్య రెండుసార్లు పిలిచింది. ఆ చీకట్లో ఏం కనిపిస్తుంది! చివరికి వట్టి చేతులతో లేచాడు.

గడప పక్కన, అడుగున గుక్కెడు పాలతో, గిన్నె మూత లేకుండా అలాగే ఉంది.