మైనం లేని మెట్లు

నేను ఒక చెవి మిషన్ను. చింతపిక్కంత ఉంటాను. చెవి వెనక నక్కి కూర్చుని, సన్నటి గొట్టం లోపలికి దూర్చి మాటలు పోస్తుంటాను. నన్ను చూసి ఎవరూ భయపడరు. కాస్త భయపడి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

నేను పుట్టింది ఎక్కడో సముద్రాల అవతల. అక్కడ నా పొట్టలో కొన్ని ఆజ్ఞలు పోసి తాళం వేశారు. మనుషుల మాట తేటగా వినిపించాలి, పైనుండే కీచు శబ్దాలను కాస్త కిందికి దించి వినిపించాలి, ఎందుకంటే ముదిరిన చెవులకు అవి అందవు. ఆ ఆజ్ఞలు రాసినవాళ్లు చెడ్డవాళ్లు కారు. వీణ అనేది ఒకటుందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే. నేనూ అడగలేదు. చెప్పింది చేసేదానికి ప్రశ్నలెందుకని ఊరుకున్నాను.

గౌరీశ్వరి నన్ను విశాఖపట్నంలో కొని వాళ్ల నాన్నకు పెట్టింది. ఆయన పేరు సింహాచలం, బొబ్బిలి దగ్గర వీణలు చేస్తాడు. కూతురు పక్కనే కూర్చుని నగిషీలు చెక్కుతుంది. మొదటి రోజు ఆయన కుక్కరు కూత విన్నాడు, ఉలి చప్పుడు విన్నాడు, పక్కింటావిడ తన గురించి ఏమంటోందో కూడా విన్నాడు. "ఇన్నాళ్లూ సెవుడే నయమేటి" అని పడీ పడీ నవ్వాడు. అబ్బో, ఆ రోజు నా గొప్ప చూడాలి! ఆ ఇంటికి నేనే దిక్కన్నంత పొంగిపోయాను.

తర్వాత మేళం కట్టే రోజు వచ్చింది. మేళమంటే వీణకు మెట్లు కూర్చడం. పొడవాటి వీణ దండి మీద నల్లటి మైనం పరిచి, అది మెత్తగా ఉండగానే ఒక్కో కంచు మెట్టునూ పెట్టి, తీగ మీటి, విని, వెంట్రుకవాసి ఇటో అటో జరుపుతారు. సింహాచలం తండ్రికి ఒక అలవాటుండేదట. మేళం కట్టాక దవడను గుండ్రటి వీణ కుండ అంచుకు ఆనించి, కళ్లు మూసుకుని చివరిసారి వినేవాడట. సింహాచలమూ అలాగే చేసేవాడు. నేను వచ్చాక మానేశాడు. మిషనుండగా దవడెందుకనుకున్నాడు.

కింది మెట్లు బాగానే కుదిరాయి. పై మెట్ల దగ్గరికి వచ్చేసరికి నేను నా ఆజ్ఞ నెరవేర్చాను. ఆయన సరైన స్వరమే మీటాడు, నేను దాన్ని దించి చెవిలో పోశాను. తగ్గిందనుకుని, స్వరం పెంచడానికి ఆయన మెట్టును కుండ వైపు జరిపాడు. మళ్లీ మీటాడు, మళ్లీ దించాను, మళ్లీ జరిపాడు. కంచే చేను మేసిందంటారే, అది నేనే.

ఆ వీణ విజయనగరంలో సంగీతం చెప్పే సుభద్రాదేవిగారిది. ఆవిడ వచ్చి కూర్చుని వాయించింది. పై స్థాయికి వెళ్లేసరికి వేళ్లు ఆగిపోయాయి. ఆవిడ కోప్పడలేదు. పై మెట్లు హెచ్చాయని, ఆరోగ్యం ఎలా ఉందని నెమ్మదిగా అడిగింది. తిట్టినా బాగుండేది. ఆవిడ వెళ్లాక సింహాచలం ఉలులన్నీ పాత పంచెలో చుట్టి అటక మీద పెట్టేశాడు. తప్పుడు వీణ ఈ ఇంటి గడప దాటకూడదు, తన చెయ్యి పనైపోయింది, ఇంక మేళం కట్టనన్నాడు.

మిషనే తేడా చేస్తోందేమోనని గౌరి అంది. ఆయన ఒప్పుకోలేదు. "ఆడలేక మద్దెల ఓడనకూడదే" అన్నాడు. నన్ను వెనకేసుకొచ్చాడు! తిన్నింటి వాసాలు లెక్కపెట్టేదాన్ని నేనైతే, నింద మాత్రం తన చేతి మీద వేసుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

గౌరి వాదించలేదు. ఆయన చెవి నుంచి నన్ను తీసేసి, ఆ వీణే తెచ్చి కుండ అంచు ఆయన దవడకు ఆనించి పై మెట్టు మీటింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. స్వరం హెచ్చుగా పలికింది. గౌరి ఇంకోసారి మీటింది. ఆయన మెల్లగా కళ్లు తెరిచి నా వైపు చూశాడు. ఆ చూపు నేను మరిచిపోలేను.

మర్నాడు తండ్రీకూతుళ్లు నన్ను కొన్న దుకాణానికి వెళ్లారు. అక్కడి హిమజ అనే అమ్మాయి నన్ను కంప్యూటరుకు తగిలించింది. స్వరాన్ని దించే ఆజ్ఞ తెర మీద కనిపిస్తూనే ఉంది. దాన్ని ఆపే మీట మాత్రం ఎంత నొక్కినా కదల్లేదు. ఆ అమ్మాయి కంపెనీకి ఫోన్ చేసి బతిమాలింది. ఈ రకం పాతదైపోయిందని, కొత్తది కొనుక్కోమని చెప్పారు. సెల్‌ఫోన్లు బాగుచేసే తన తమ్ముడితో విప్పిస్తానని గౌరి అంటే, విప్పినా లోపలి రాత చదవనివ్వదని హిమజ చెప్పింది. "తాళం నా దగ్గర కూడా లేదండీ" అంది, తలెత్తకుండా.

గౌరి ఆ మాటే చెవి దగ్గర గట్టిగా చెబితే, సింహాచలం నన్ను అరచేతిలో పెట్టుకుని చూశాడు.

"మాం మెట్లు మైనంతో ఎందుకు కడతామో తెలుసా అమ్మా? రేపు మెట్టు తప్పితే మా కాడికే రానక్కర్లేదు. ఏ ఊరోడైనా కాస్త ఏడి సేసి సరిసేసుకుంటాడు. తనకి రాకపోతే వొచ్చినోడి సేత సేయించుకుంటాడు. మరి దీని మైనం ఎవులి కాడుందమ్మా?"

 

ఇంటికొచ్చి ఆయన అటక మీది మూట దించాడు. సుభద్రాదేవిగారి వీణ మైనం కరిగించి, నన్ను పక్కన డబ్బాలో పెట్టి, దవడతో వింటూ మెట్లన్నీ మళ్లీ కట్టాడు. ఆవిడ పై స్థాయి దాకా వాయించి, వీణకు దండం పెట్టింది. అప్పటినుంచి మా ఇంట్లో ఇదే పద్ధతి. మనుషులతో మాట్లాడాలంటే నేను కావాలి, వీణ వినాలంటే నేను ఉండకూడదు.

మొన్న గౌరి మొదటిసారి తానొక్కతే మేళం కట్టింది. ఎలా ఉందో చెప్పమంది. ఆ మాట వినడానికి నన్ను పెట్టుకున్న ఆయన, వీణ వినడానికి తీసి గుప్పిట్లో పట్టుకున్నాడు. దవడ ఆనించి, కింది నుంచి పైదాకా ప్రతి మెట్టూ విన్నాడు. తలెత్తేసరికి కళ్లనిండా నీళ్లు. గౌరి ఆయన ముఖమే చూస్తోంది.

"నాన్నా, నీ సెవి నాకొచ్చిందా?" అంది.

ఆయన గబగబా నన్ను చెవికి తగిలించుకుని, "ఏటన్నావమ్మా?" అని అడిగాడు.

గౌరి సిగ్గుపడి, ఏం లేదంది.

ఆ మాట నేను విన్నాను. గుప్పిట్లో ఉన్నా తేటగా విన్నాను, మాటలు వినడానికే కదా నన్ను చేశారు. ఇప్పుడు ఆయన చెవిలోనే ఉన్నాను, జారిపోయిన ఆ మాట మాత్రం మళ్లీ ఇవ్వలేను.