గోడ వదిలిన చెయ్యి

సోమవారం మూడో అంతస్తు గోడకి కట్టిన కర్రల సారవ ఎక్కి ఇటుకలు పేర్చాలి. పేర్చలేకపోతే తాపీ పక్కన పడేసి గేటు దగ్గర కుర్చీలో కూర్చోవాలి. కాంట్రాక్టరు మంచివాడే, అందుకే వాచ్‌మన్ పని ఇస్తానన్నాడు. ఆ మంచితనానికే నాకు ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లు గోడలు కట్టినవాణ్ణి పట్టుకుని గేటు కాయమంటాడా!

సారవ మీంచి పడి ఎనిమిది నెలలైంది. తుంటి ఎముక అతుక్కుంది, భయం మాత్రం పోలేదు. మొన్న ఎక్కి చూశాను. కాలికింద చెక్క కాస్త ఊగిందో లేదో, ఎడమ చెయ్యి నిలువు కర్రను పట్టేసుకుంది. ఎంత తిట్టుకున్నా వదల్లేదు. కుడిచేతిలో తాపీ, ఎడమచేతిలో ఇటుక ఉంటేనే గోడ లేస్తుంది. ఒంటిచేత్తో ఏం కడతాను, నా తలకాయ!

సంగతి మా అక్క కూతురికి తెలిసింది. స్కూల్లో ఆటల టీచరు. మర్నాడే ఒంటిచక్రం సైకిల్ మోసుకొచ్చింది.

"ఆ సోమవారానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి మామయ్యా. దీనిమీద చెయ్యి వదిలితే అక్కడా వదులుతావు."

"నన్ను చంపి రమ్మని మీ అమ్మ పంపిందా?"

"అమ్మకి తెలిస్తే ముందు నన్ను చంపుతుంది. ఎక్కు."

మా ఇంటి పక్క సందులో గోడ పట్టుకుని ఎక్కాను. హ్యాండిల్ లేదు, బ్రేకు లేదు. వారం తిరిగినా గోడ వదల్లేదు. అరచెయ్యి తోలు లేచిపోయింది.

"ఇంత గరుగ్గా ఈ గోడ కట్టిన దరిద్రుడెవడు?"

"నువ్వే."

అరచేతికి గుడ్డ చుట్టుకుని మళ్లీ ఎక్కాను.

ఎనిమిదో రోజు తెలివి చూపించాను. గోడ నిటారుగా లేచిందో లేదో చూసుకునే ఇనుపగుండు నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. దాన్ని దారంతో చొక్కా గుండీకి వేలాడదీశాను. అది కదలకుంటే నేను నిటారుగా ఉన్నట్టేగా! చెయ్యి వదిలాను. గుండు ఊగింది. దాన్నే చూస్తూ, అది ఆగాలని ఒళ్లంతా బిగబట్టాను. మరుక్షణం నేలమీద ఉన్నాను. అదే పక్క, అదే తుంటి.

ఏమీ విరగలేదు. కానీ లేవలేకపోయాను. మేనకోడలి ముందు చిన్నపిల్లాడిలా ఏడ్చాను. సిగ్గు కూడా వేయలేదు, అంత భయం.

తను ఆ దారం తెంపేసి, నా పక్కనే కూర్చుంది. "గోడ కదలకూడదు సరే, నువ్వెందుకు కదలకూడదు మామయ్యా? బిగుసుకుంటే పడతావు. బరువంతా సీటు మీద వెయ్యి. ఎటు పడబోతున్నావో చక్రాన్ని అటే పంపించు. కిందికి చూడకు."

పదకొండో రోజు సందు చివరి నీలం తలుపునే చూస్తూ తొక్కాను. ముందుకు తూలితే ఇంకాస్త గట్టిగా తొక్కాను. గోడ చేతికి అందనంత దూరం పోయింది. మొత్తం ఏడు తొక్కుళ్లు. ఆ తర్వాత పడ్డాను, కాళ్లమీదే పడ్డాను. మేనకోడలు ఈల వేసింది.

సోమవారం సారవ ఎక్కాను. కింద కాంట్రాక్టరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. స్కూలు ఎగ్గొట్టి వచ్చిన మేనకోడలు పక్కనే గోళ్లు కొరుక్కుంటోంది. నడుముకి సేఫ్టీ బెల్టు ఉంది. అయినా చెక్క ఊగగానే ఎడమ చెయ్యి కర్రను పట్టేసుకుంది. ఇంతే, గేటు దగ్గర కుర్చీయే నాకు గతి అనుకున్నాను.

కిందికి చూడలేదు. గోడ చివరి ఇటుకను చూశాను. చెక్క మళ్లీ ఊగింది. మోకాళ్లు వదులు చేసి, అది ఊగిన వైపే ఒక అడుగు వేశాను. ఇంకో అడుగు వేశాను. కర్ర వెనకే ఉండిపోయింది, వేళ్లు జారి వచ్చేశాయి. వంగి ఎడమచేత్తో ఇటుక అందుకున్నాను. కుడిచేత్తో తాపీ తీశాను.

"కర్ర పట్టుకో అన్నా! పట్టుకో!" కాంట్రాక్టరు కిందినుంచి కేకపెట్టాడు.

"చెయ్యి ఖాళీ లేదు!" అని అరిచాను.